పేరు తెలియని చేపకు తోడెవరు?

అక్వేరియం పెట్టుకున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్న ఇది: "ఈ చేపతో పాటు ఇంకే చేపల్ని వేయొచ్చు?" అడగదగిన ప్రశ్నే. అయితే దానికంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది: "ఇంతకీ ఇదేం చేప?" మొదటి ప్రశ్నకు సలహా చెప్పేవాళ్లు దుకాణంలో, వీధిలో, ఫోనులో కావలసినంతమంది దొరుకుతారు. రెండో ప్రశ్నకు జవాబు తేలకుండా ఇచ్చే సలహా ఏదైనా ఊహే. రోగమేమిటో తేల్చకుండా మాత్ర రాసిచ్చినట్టు ఉంటుంది అది.

జాతి పేరు చెప్పకుండా చేపను అమ్మకూడదు. పేరు తేలకుండా దాన్ని మరో చేపతో కలపకూడదు. కలపడం కుదరలేదని తీసుకెళ్లి చెరువులోనో ఏటిలోనో అసలే వదలకూడదు. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కానీ ఈ మూడూ ఒకే గొలుసులోని లంకెలు. మొదటిది తెగితే చివరిదాకా తెగుతుంది.

టెల్కో కాలనీ తొట్టెలు

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీని ఉదాహరణగా తీసుకుందాం. 1945లో ఏర్పడిన టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ పేరే ఆ కాలనీకి వచ్చింది. కంపెనీ టాటా మోటార్స్‌గా మారినా కాలనీ మాత్రం టెల్కోగానే ఉండిపోయింది. ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో చాలానే ఉన్నాయి.

కంపెనీ క్వార్టర్లున్న ఊళ్లకు ఒక లక్షణం ఉంటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ ఇల్లు. రిటైరైనా, బదిలీ అయినా సామాను సర్దుకోవాల్సిందే. బీరువా లారీ ఎక్కుతుంది, మంచాలు ఎక్కుతాయి. నీళ్లున్న గాజుతొట్టెను ఎక్కించడం మాత్రం కష్టం. దాంతో అది పక్క క్వార్టర్ వాళ్లకో, తెలిసిన పిల్లలకో చేరుతుంది. "మీ బాబుకి చేపలంటే ఇష్టం కదమ్మా, ఉంచుకోండి" అని ఇచ్చేస్తారు. చేపల పేర్లేమిటని అడిగితే "అదా, షార్కండి. ఇదేమో అద్దం తుడిచే చేప. ఆ మూడోది... కొన్నప్పుడు ఏదో చెప్పాడండీ" అంటారు.

ఇచ్చినవాళ్లది నిర్లక్ష్యమని అనలేం. దుకాణంవాడు వాళ్లకు చెప్పింది అంతే. ఆ దుకాణానికి సరుకు వచ్చిన చోట కూడా బహుశా అంతే చెప్పి ఉంటారు. తూర్పు భారతంలో అలంకార చేపల వ్యాపారానికి కోల్‌కతా పెద్ద కేంద్రం. గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారం జరిగే సంత దేశమంతటా పేరున్నది. ఇలాంటి సంతల్లో ప్లాస్టిక్ సంచిలో నీళ్లు, ఆక్సిజన్ నింపి మూతి బిగించి చేపను చేతిలో పెడతారు. ఆ సంచి మీద చేప పేరు ఉండదు. అక్కడి నుంచి రెండు మూడు చేతులు మారి ఇంటికొచ్చేసరికి మిగిలేది ఒక ముద్దుపేరు మాత్రమే.

ముద్దుపేరు దాచే నిజాలు

ఆ ముద్దుపేర్లు ఎంత మోసం చేస్తాయో నాలుగు చేపల్లో చూద్దాం.

'షార్క్' పేరుతో అమ్మే వెండిరంగు చారల పిల్లచేప సొరచేపకు చుట్టం కాదు. దాని శాస్త్రీయ నామం పంగాసియానొడాన్ హైపోఫ్తాల్మస్. ఆంధ్రలో చెరువుల్లో పెంచి, ఫంగస్ అని అమ్మే చేప ఇదే. మెకాంగ్ నది దీని పుట్టినిల్లు. పూర్తిగా పెరిగితే మీటరు దాటుతుంది. గుంపుగా తిరిగే బెదురు చేప కాబట్టి చిన్న తొట్టెలో ఏ చప్పుడైనా సరే, దూసుకెళ్లి గాజుకు ముక్కు కొట్టుకుంటుంది. భోజనానికి కొనే చేప ఇదేనని తెలిస్తే, రెండడుగుల తొట్టెకు దీన్ని తెచ్చేవాళ్లు ఎందరుంటారు?

ఎర్ర పొట్టతో గుండ్రంగా ఉండి, 'పిరానా' అని భయపెట్టి అమ్మే చేప చాలాసార్లు పాకూ. శాస్త్రీయంగా పియారాక్టస్ బ్రాకీపోమస్. మన చేపల బజారులో దీన్ని రూప్‌చంద్ అంటారు. పిరానా పళ్లు త్రికోణంగా, రంపంలా ఉంటాయి. పాకూ పళ్లు మన దవడపళ్లలా బల్లపరుపుగా ఉంటాయి, గింజలు, కాయలు నమలడానికి. పళ్లు చూస్తే తేలిపోయే విషయం ఇది. పిరానా కాకపోయినా పాకూ రెండడుగులు మించి పెరిగే చేపే. కాబట్టి "పిరానా కాదు, భయం లేదు" అనుకోవడమూ పొరపాటే.

'పాచి తినే చేప' అనే పేరు కింద కనీసం రెండు వేర్వేరు చేపలు అమ్ముడవుతాయి. ఒకటి సయామీ చేప, క్రాసోకైలస్ ప్రజాతిది. నెమ్మదస్తురాలు. రెండోది గైరినోకైలస్ ఐమోనియేరి, వ్యాపారంలో చైనీస్ అని పిలిచేది. చిన్నప్పుడు ఇదీ పాచే తింటుంది. పెరిగేకొద్దీ కయ్యానికి దిగుతుంది. వెడల్పాటి ఒళ్లున్న చేపలకు అతుక్కుని వాటి ఒంటి మీది జిగురుపొరను గీకుతుంది. రెంటికీ ఒంటి పక్కన నల్లచార ఉంటుంది. సయామీ చేపకు ఆ చార తోక వాజం చివరిదాకా సాగుతుంది. గైరినోకైలస్‌కు అడుగువైపు పీల్చుకునే గుండ్రటి నోరు ఉంటుంది. ఈ తేడా తెలిసినవారి తొట్టెలో ఏంజెల్ చేప బతుకుతుంది. తెలియనివారి తొట్టెలో అది ఒంటి నిండా పుండ్లతో కనిపిస్తుంది.

నాలుగోది 'సక్కర్', అంటే అద్దం తుడిచే చేప. దీని గురించి తరువాత వివరంగా చెప్పుకోవాలి.

ఆనవాళ్లు ఎక్కడ చూడాలి

తెలియని చేపను గుర్తించడానికి ప్రయోగశాల అవసరం లేదు. ఓపిక, మంచి వెలుతురు, ఒక స్కేలు చాలు. చేప అద్దానికి దగ్గరగా, పక్కవాటుగా ఉన్నప్పుడు, వాజాలు విప్పుకుని ఉన్నప్పుడు ఫోటో తీయండి. అద్దానికి బయట స్కేలు ఆనించి పొడవు అంచనా వేయండి. ఆ తర్వాత ఈ ఆనవాళ్లు వరుసగా చూడండి.

మొదట నోరు. పైకి తిరిగిన నోరు నీటి పైభాగంలో తినే చేపది. కిందికి తిరిగిన నోరు అడుగున మేసే చేపది. నోరు ఎంత పెద్దదో కూడా చూడాలి, ఎందుకంటే చేప తన నోట్లో పట్టేదాన్ని దేన్నైనా ఆహారంగానే చూస్తుంది.

తరువాత మీసాలు, పొలుసులు. జెల్లల జాతి చేపలకు మీసాలుంటాయి, పొలుసులుండవు. సక్కర్ చేపలు కూడా ఆ పెద్ద కుటుంబానివే, కాకపోతే వాటి ఒంటి మీద పలకల కవచం ఉంటుంది.

మూడోది, వీపు వాజానికీ తోకకూ నడుమ చిన్న కండలాంటి వాజం ఉందా? టెట్రాలు, పాకూలలో ఎక్కువవాటికి అది ఉంటుంది. గోల్డ్ ఫిష్, బార్బ్, డానియో వంటి కార్ప్ కుటుంబపు చేపలకు ఉండదు. టెట్రాకూ బార్బ్‌కూ తేడా తెలియనప్పుడు ఈ ఒక్క గుర్తు చాలా పని చేస్తుంది.

నాలుగోది ముక్కు. చాలా చేపలకు తలకు ఒక్కో పక్క రెండేసి నాసికా రంధ్రాలుంటాయి. సిక్లిడ్ కుటుంబపు చేపలకు ఒక్కొక్కటే. పార్శ్వరేఖ కూడా వాటికి మధ్యలో తెగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఏంజెల్, ఆస్కార్, ఫ్లవర్ హార్న్ ఈ కుటుంబానివే. ఈ రెండు గుర్తులూ కనిపిస్తే ఆ చేప తన చోటు కోసం పోట్లాడే స్వభావం కలదని ముందుగానే అనుకోవడం క్షేమం.

రంగును మాత్రం చివరకు ఉంచండి. వయసు, భయం, వెలుతురు, మేత వీటన్నిటినీ బట్టి రంగు మారుతుంది. కొన్నిటికి మనుషులే రంగు పూస్తారు. మన దేశపు గాజు చేప పారంబాసిస్ రంగా ఒళ్లు పారదర్శకంగా, వెన్నెముక కనిపించేలా ఉంటుంది. దానికి సూదితో రంగెక్కించి అమ్మిన చరిత్ర అలంకార చేపల వ్యాపారానికి ఉంది. కొన్నాళ్లకు రంగు వెలిసిపోతుంది. ఆ గాయాలు మాత్రం చేపను రోగాలకు లోకువ చేస్తాయి.

ఫోటోను చూసి పేరు చెప్పే యాప్‌లు మొదటి అడుగుకు పనికొస్తాయి. అదే ఆఖరి మాట అనుకోకూడదు. పిల్లచేపల రూపు పెద్దవాటికి భిన్నంగా ఉంటుంది. సంకర చేపలకైతే జాతి పేరే ఉండదు. యాప్ చెప్పిన పేరును ఫిష్‌బేస్ వంటి శాస్త్రీయ సమాచార నిధిలో వెతికి, పైన చెప్పుకున్న ఆనవాళ్లతో సరిచూసుకోవాలి. అప్పటికీ జాతి తేలకపోతే కుటుంబం తేలినా మేలే. అప్పుడు ఆ కుటుంబంలో పెద్దగా పెరిగే, ఎక్కువగా కరిచే చేపే మన తొట్టెలో ఉందనుకుని ఏర్పాట్లు చేసుకోవాలి.

శాస్త్రవేత్తలకూ చూపుతో తేలని సందర్భాలు ఉంటాయి. వాటి కోసమే డీఎన్ఏ బార్‌కోడింగ్ వచ్చింది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ఈ పద్ధతిని ప్రతిపాదించింది. సీఓఐ అనే జన్యువులో ఒక చిన్న భాగాన్ని చదివి, ఇదివరకే నమోదైన జాతులతో పోల్చడం దీని కిటుకు. లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ మన చేపలపై ఈ పని చేస్తోంది. ఇంటి తొట్టెకు అంత అక్కర్లేదు. పేరు తేల్చడాన్ని శాస్త్రం ఎంత ముఖ్యంగా చూస్తుందో చెప్పడానికే ఈ ప్రస్తావన.

పేర్లు పెట్టిన తీరం మనది

చేపకు పేరు పెట్టి పిలవడం తెలుగువారికి కొత్త కాదు. కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, పరిగె, బొచ్చె అంటూ పల్లెల్లో పిల్లలు కూడా చేపల్ని విడదీసి చెప్పేవారు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన స్కాటిష్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలను బొమ్మలతో వర్ణించి 1803లో లండన్‌లో పుస్తకంగా వేశారు. రక్తపింజరికి ఇంగ్లిష్‌లో ఉన్న పేరు ఈయనదే. ఆ చేపల పుస్తకంలో ఆయన స్థానికులు పిలిచే పేర్లను రాసుకున్నారు. వాలుగ చేప శాస్త్రీయ నామం వాలాగో అట్టు. అందులోని మొదటి మాట మన వాలుగే.

తూర్పు భారతపు నదుల చేపలదీ ఇలాంటి కథే. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగా, దాని ఉపనదుల చేపలపై రాసిన గ్రంథంలో రోహిత, కట్లా, మృగల వంటి స్థానిక నామాలనే శాస్త్రీయ నామాల్లోకి తెచ్చారు. జీబ్రా చేప డానియో రెరియోను మొదట వర్ణించిందీ ఆయనే. ఆ చిన్న చారల చేప ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఉంది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో సమానమైనవి ఉన్నాయని 2013లో దాని జన్యుక్రమం పూర్తిచేసిన శాస్త్రవేత్తలు చెప్పారు.

స్థానిక నామం శాస్త్రీయ నామంగా ఎదిగిన చోట, ఇవాళ చేపలు పేరు లేకుండా అమ్ముడుపోవడం విచారకరం. తినే చేపను పేరు పెట్టి బేరమాడే మనం, పెంచే చేప దగ్గరకు వచ్చేసరికి "ఆ నీలంది రెండు ఇవ్వు" అంటున్నాం.

నీరు, నోరు, నిడివి, నడత

పేరు తెలిశాక తోడు వెతకడం తేలికవుతుంది. దానికి నాలుగు పరీక్షలు చాలు.

మొదటిది నీరు. గోల్డ్ ఫిష్ చల్లటి నీటి చేప, 18 నుంచి 22 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. డిస్కస్‌కు 28 డిగ్రీలు దాటాలి. ఈ రెంటినీ ఒక తొట్టెలో పెడితే ఏదో ఒకటి కష్టపడక తప్పదు, ఒకదాన్నొకటి ముట్టుకోకపోయినా సరే. గప్పీలకు కాస్త కఠిన జలం, నియాన్ టెట్రాలకు మృదు జలం అనుకూలం. జంషెడ్‌పూర్‌లో వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి, జనవరి రాత్రులు 10 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. విశాఖలో హీటరు లేకుండా నడిచిన తొట్టె అక్కడ నడవకపోవచ్చు. పక్కవారి అనుభవాన్ని ఊరు మార్చి వాడుకోలేం.

రెండోది నోరు. ఏంజెల్ చేప ఎంత నెమ్మదిగా ఈదినా పెద్దదయ్యాక నియాన్ టెట్రాను మింగగలదు. అది క్రూరత్వం కాదు, ఆకలి. "మా ఏంజెల్ మంచిది, ఎవరినీ ఏమీ అనదు" అన్నది చిన్నప్పటి మాట.

మూడోది నిడివి. కొన్న రోజున ఉన్న పొడవును కాకుండా పూర్తిగా పెరిగినప్పటి పొడవును చూడాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ఆకారం మారకుండా చేప పొడవు రెట్టింపైతే బరువు సుమారు 8 రెట్లవుతుంది. 5 సెంటీమీటర్ల పిల్ల 50 సెంటీమీటర్లకు పెరిగితే బరువు దాదాపు వెయ్యి రెట్లు. తినే మేత, వదిలే మలినం, పీల్చే ఆక్సిజన్ కూడా దానితోపాటు పెరుగుతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న తొట్టెలో పట్టేది సుమారు 57 లీటర్లు. ఇసుక, రాళ్లు పోగా 50 లీటర్లు ఉంటే గొప్ప. ఆ నీటిలో వెయ్యి రెట్లు పెరిగే చేపకు చోటెక్కడిది?

"తొట్టెకు తగ్గట్టే పెరుగుతుందిలెండి" అనే మాట దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. ఇది నమ్మదగింది కాదు. ఇరుకు తొట్టెలో పెరుగుదల ఆగిపోతే, అది చెడిన నీటికీ, ఒత్తిడికీ చేప చెల్లించే మూల్యం. పస్తులతో ఎదుగుదల ఆగిన పిల్లవాణ్ణి చూసి ఇంటికి తగ్గట్టు పెరిగాడని మనం అనం కదా.

నాలుగోది నడత. టైగర్ బార్బులు పొడవాటి వాజాలున్న చేపల్ని కొరుకుతాయి. అవి రెండో మూడో ఉంటే ఇంకా ఎక్కువ. పది ఉంటే తమలో తాము తరుముకుంటూ మిగతావాటిని కాస్త వదిలేస్తాయి. మగ బెట్టా మరో మగ బెట్టాను సహించదు, రంగుల తోకలున్న గప్పీని కూడా శత్రువుగా పొరబడవచ్చు. నియాన్లు ఒకటి రెండుంటే బెదిరి మూల చేరతాయి, ఆరు దాటితేనే స్వేచ్ఛగా తిరుగుతాయి. కాబట్టి తోడు అంటే వేరే జాతి చేప అనే అనుకోనక్కర్లేదు. చాలా చేపలకు మొదటి తోడు తన జాతిదే. పేరు తెలియకపోతే ఆ తోడును ఎలా తెస్తాం?

ఇక్కడ నిందను సరైన చోట వేయడం కూడా అవసరం. కొత్త చేపను వేసిన వారానికి పాతది చనిపోతే కొత్తదే చంపిందంటారు. చాలాసార్లు కారణం నీరే. చేపలు వదిలే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కొత్త తొట్టెలో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపల సంఖ్య పెంచితే విషం పెరుగుతుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ తొలగించకపోయినా అంతే. కొత్త చేపను రెండు మూడు వారాలు విడిగా ఉంచితే తెల్లమచ్చల వంటి రోగాలు పాతవాటికి అంటవు. పేరు తేల్చుకోవడానికి ఆ వ్యవధి కూడా కలిసొస్తుంది.

ఇవన్నీ పాటిస్తే అక్వేరియం బోసిపోతుందేమో అనుకోవచ్చు. అదేం లేదు. రెండడుగుల తొట్టెకు ఎనిమిది జీబ్రా చేపలు, ఒక జత తేనెరంగు గౌరామీలు చాలు. రెండూ మన ఉపఖండపు చేపలే, రెంటి పేర్లూ, అలవాట్లూ తెలిసినవే. ఒకటి గుంపుగా పరుగులు తీస్తుంది, మరొకటి మొక్కల నీడన నింపాదిగా తిరుగుతూ మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగిపోతుంది. గంటసేపు కూర్చుని చూడాలనిపించే తొట్టె అది.

చెరువులో వదిలితే పుణ్యమా?

ఇప్పుడు సక్కర్ దగ్గరకు వద్దాం. పేరు లేకపోవడం వల్ల జరిగే పెద్ద నష్టం తొట్టె బయట జరుగుతుంది.

సక్కర్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం టెరిగోప్లిక్తిస్ ప్రజాతి చేపలు. దక్షిణ అమెరికా వీటి స్వస్థలం. అర మీటరు దాకా పెరుగుతాయి. వీటినీ, అరచేతిలో ఇమిడే సైజులోనే ఆగిపోయే యాన్సిస్ట్రస్ అనే దగ్గరి బంధువునూ చిన్నప్పుడు చాలామంది ఒకటే అనుకుంటారు. వీపు వాజంలోని పుల్లలు లెక్కపెడితే తేడా తెలుస్తుంది. యాన్సిస్ట్రస్‌కు ఏడెనిమిది ఉంటాయి, టెరిగోప్లిక్తిస్‌కు సాధారణంగా పది దాటి ఉంటాయి. ఆ లెక్క పెట్టనివారి ఇంట్లో ఏడాది రెండేళ్లకు తొట్టె నిండా ఒకే నల్లటి చేప కనిపిస్తుంది.

అప్పుడు మనసు ఒప్పుకోదు. చంపలేం, ఉంచలేం. "పాపం, చెరువులో వదిలేద్దాం, హాయిగా బతుకుతుంది" అనిపిస్తుంది. టెల్కో కాలనీ వారికి దగ్గరలో హుడ్కో చెరువు ఉంది. ఊరి అంచున సువర్ణరేఖ, ఖర్కాయి నదులు ఉన్నాయి, దోముహానీ దగ్గర రెండూ కలుస్తాయి. వానాకాలం చెరువు పొర్లితే నీరు కాలువలు పట్టి నదులకే చేరుతుంది. సువర్ణరేఖ అక్కడి నుంచి బెంగాల్, ఒడిశాల మీదుగా బంగాళాఖాతం దాకా వెళ్తుంది. ఒక బకెట్టులోంచి జారిన చేపకు ఎంత దారి తెరుచుకుంటుందో చూడండి.

ఆ దయ ఖరీదు తెలుగు నేల ఇప్పటికే చూసింది. కృష్ణా తీరపు జాలర్లు దెయ్యం చేప అని పిలిచేది ఈ సక్కర్‌నే. కవచం, ముళ్లు వలల్ని చింపేస్తాయి. మాంసానికి గిరాకీ లేదు. కవచం వల్ల దీన్ని తినే జీవులు తక్కువ. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మగచేప కాపలా కాస్తుంది. గాలి పీల్చగలదు కాబట్టి నీటి బయట కూడా గంటల తరబడి బతుకుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసి ఉండే డీఎన్ఏ జాడల ఆధారంగా తూర్పు కనుమల్లో ఈ చేపను వెతికారు. పరిశీలించిన జలవనరుల్లో సుమారు 60 శాతంలో దాని ఆనవాళ్లు దొరికాయి. తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల్లోనూ ఇది స్థిరపడింది.

ఇది సక్కర్‌తో ఆగలేదు. ఉత్తర అమెరికాకు చెందిన ఎలిగేటర్ గార్ రెండు మీటర్లు దాటగల వేట చేప. 2023లో అది భోపాల్ పెద్ద చెరువులోనూ, శ్రీనగర్ దాల్ సరస్సులోనూ దొరికింది. అమెరికా నుంచి ఈదుకుంటూ రాలేదు కదా. ఎవరి తొట్టెలోంచో వచ్చినదే.

చేపను ఏటిలో వదలడాన్ని పుణ్యంగా భావించేవారి మనసును తప్పుపట్టలేం. వారి లెక్కలో ఒక జీవి ఉంది. ఏటి లెక్కలో మాత్రం పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, వాటి గుడ్లు, వాటి మీద బతికే జాలరి ఇల్లు అన్నీ ఉన్నాయి. మన దేశపు చేప అయినా తొట్టెలో పెరిగినదాన్ని వదలకూడదు, అది రోగాలు మోసుకెళ్లవచ్చు. వద్దనుకున్న చేపను దుకాణానికి తిరిగివ్వండి, పెద్ద తొట్టె ఉన్నవారికి ఇవ్వండి, మత్స్యశాఖ వారిని అడగండి. చెరువు మాత్రం చివరి మార్గం కూడా కాకూడదు.

పేరు రాయించడం కష్టమా?

విత్తన సంచి మీద రకం పేరు ఉండాలని 1966 నాటి విత్తన చట్టం చెబుతోంది. బిస్కెట్ పొట్లం మీద అందులో ఏమున్నాయో రాసి ఉంటుంది. ప్రాణమున్న చేపను మాత్రం ఉత్త నీళ్ల సంచిలో చేతిలో పెడుతున్నాం. దానికీ ఒక చీటీ ఉండాలి. అందులో ఐదు విషయాలు చాలు: శాస్త్రీయ నామం, పూర్తిగా పెరిగినప్పటి పొడవు, కావలసిన ఉష్ణోగ్రత, కనీసం ఎన్ని కలిపి ఉంచాలి, చెరువులో వదలరాదన్న హెచ్చరిక. సంకర చేప అయితే సంకరమని రాయాలి.

చిన్న దుకాణదారుకు ఇది భారమవుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. లాటిన్ పేర్లు అతనెక్కడ వెతుకుతాడు? అందుకే ఈ బాధ్యత అతని దగ్గర మొదలు కాకూడదు. చేపను ఉత్పత్తి చేసేవారికీ, దిగుమతి చేసేవారికీ తాము పెంచేదేమిటో తెలుసు, తెలియకుండా జత కట్టించలేరు. చీటీ అక్కడ పుట్టి సంచితో పాటు ప్రయాణించాలి. దుకాణదారు దాన్ని అద్దానికి అంటిస్తే చాలు. పేరు రాస్తే పెద్దగా పెరిగే చేపలు అమ్ముడుపోవన్న భయమూ కొందరికి ఉంటుంది. ఆ చేపలు అమ్ముడుపోకూడదనే కదా మనం అంటున్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, ముప్పు తెచ్చే విదేశీ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, పెంపకాన్ని నియంత్రించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఏ చేప ఏదో చీటీ మీద లేకపోతే ఆ అధికారాన్ని ఏ సంచి మీద ప్రయోగిస్తారు?

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు. టెల్కో కాలనీ వంటి చోట్ల, క్వార్టర్లు ఖాళీ చేసేవారు తొట్టెతో పాటు చేపల పేర్లు, కొన్న తేదీ, వేసే మేత రాసిన కాగితం ఇచ్చే అలవాటు మొదలుపెట్టవచ్చు. బడి పిల్లలకు ఇది మంచి ప్రాజెక్టు: కాలనీలోని తొట్టెలన్నీ తిరిగి చేపల ఫోటోలు తీసి, నోరు, మీసాలు, వాజాలు చూసి పేర్లు తేల్చి, తెలుగులో, హిందీలో, బెంగాలీలో పట్టిక తయారుచేయడం. తమ ఇంటి చేప ఫంగసో రూప్‌చందో అని తేలినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోతారు, అమ్మానాన్నలు ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోతారు. వర్గీకరణ శాస్త్రం అంతకంటే బాగా ఏ పాఠంలో అర్థమవుతుంది?

ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు "దీంతో ఏది కలుస్తుంది?" అని అడిగే ముందు, "దీని పేరు రాసివ్వండి" అని అడగండి. రాసివ్వలేకపోతే ఆ రోజుకు ఖాళీ చేతులతో ఇంటికి రండి. తొట్టె ఇంకో వారం ఖాళీగా ఉంటే ఎవరికీ నష్టం లేదు.